తీగ మీద సొంత గొంతు



ఈ పూట ఎలక్ట్రిక్ గిటారు గురించి మాట్లాడుకుందాం. ఉత్త మాటలతో తేలే సంగతి కాదు కనుక స్టూడియోకి గిటారు కూడా తెచ్చుకున్నాను. ముందుగా యాంప్లిఫయర్ ఆపేసి ఒక తీగ మీటుతాను. కాస్త రేడియో దగ్గరికి జరగండి.

(యాంప్లిఫయర్ లేకుండా మూడో తీగ మీద ఒక్క మీటు)

అంతే దాని గొంతు. నడి వేసవిలో ఫ్యాను కింద కూర్చుని వాయిస్తే వాయించేవాడికే సరిగా వినపడదు. వీణకు కుండ ఉంది, తంబురాకు బుర్ర ఉంది, మామూలు గిటారుకు బోలు పొట్ట ఉంది. దీనికి ఉన్నది గట్టి చెక్క దిమ్మ. తీగల కింద పికప్ అని చిన్న పెట్టె ఒకటి ఉంటుంది. దాని లోపల అయస్కాంతం, ఆ అయస్కాంతం చుట్టూ వెంట్రుకంత సన్నటి రాగి తీగ వేల చుట్లు. పైన ఉక్కు తీగ కంపించినప్పుడల్లా అయస్కాంత క్షేత్రం కదిలి, రాగి చుట్టలో రవ్వంత కరెంటు పుడుతుంది. వెనకటి సైకిళ్ళకు డైనమో లైటు వెలిగింది ఈ సూత్రం మీదే. ఆ రవ్వంత కరెంటును యాంప్లిఫయర్ పెంచి స్పీకరుకు అందిస్తుంది. ఇప్పుడు స్విచ్చి వేస్తున్నాను. అదే తీగ, అదే మీటు.

(యాంప్లిఫయర్‌తో అదే స్వరం, పూర్తిగా అణిగేదాకా)

ఎంతసేపు నిలిచిందో గమనించారా? ఎలక్ట్రిక్ గిటారుకు వరమూ ఇదే, వాయించేవాడికి పరీక్షా ఇదే. స్వరం అంతసేపు చేతిలో ఉంటే దానితో ఏం చేయాలో తెలియాలి కదా.

నిజానికి ఈ వాద్యాన్ని కనిపెట్టినవాళ్ళు కోరుకున్నది నిలకడ కాదు, వినపడటం. 1930ల నాటి అమెరికా డాన్స్ బ్యాండ్లలో ట్రంపెట్లు, శాక్సఫోన్లు, డ్రమ్ముల మధ్య గిటారు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. 1932లో లాస్ ఏంజెలెస్‌లో రికెన్‌బాకర్ వాళ్ళు అయస్కాంతపు పికప్ ఉన్న గిటారు అమ్మడం మొదలుపెట్టారు. అది ఒళ్ళో పడుకోబెట్టుకుని ఉక్కు కడ్డీతో జార్చి వాయించే హవాయి గిటారు. గుండ్రటి ఒళ్ళు, పొడుగాటి మెడతో అచ్చం పెనంలా ఉండేది. అందుకే దానికి ఫ్రయింగ్ పాన్ అన్న పేరు స్థిరపడిపోయింది. 1936లో గిబ్సన్ కంపెనీ ఈఎస్-150 తెచ్చింది. అలాంటి గిటారు పట్టుకుని 1939లో ఓక్లహోమా సిటీ నుంచి చార్లీ క్రిస్టియన్ అనే కుర్రవాడు వచ్చి బెన్నీ గుడ్‌మన్ బ్యాండులో చేరాడు. 1942లో క్షయతో పోయాడు. అప్పటికి అతనికి పాతికేళ్ళు.

ఉన్న ఆ కొద్ది కాలంలోనే అతను గిటారు స్థానం మార్చేశాడు. అంతవరకూ బ్యాండులో గిటారిస్టు పని వెనక కూర్చుని లయకు కార్డులు, అంటే కలిపి మోగించే స్వరాల గుంపులు, కొట్టడం. క్రిస్టియన్ ముందుకొచ్చి ఒక్కొక్క స్వరమే పేర్చుకుంటూ పొడుగాటి వాక్యాలు అల్లాడు. అతని చెవిలో ఉన్నది గిటారు కాదు, టెనర్ శాక్సఫోన్. లెస్టర్ యంగ్ వాయించే శాక్సఫోన్ అంటే అతనికి ప్రాణం. ఊపిరితో పలికే వాద్యంలా తీగ పలకాలని చూశాడు. తీగకు ఊపిరి లేదు, నిజమే. కానీ ఆ ప్రయత్నంలో, అంతకుముందు ఏ గిటారుకూ లేని ఒక గొంతు పుట్టింది.

నేను చెప్పదలచుకున్నది ఇక్కడ మొదలవుతుంది. మా దగ్గరికి నేర్చుకోవడానికి వచ్చే పిల్లలు ఆరు నెలలు తిరక్కుండానే అడిగే ప్రశ్న ఒకటి ఉంది: నాకంటూ ఒక టోన్ రావాలంటే ఏ పెడల్ కొనాలి సార్? పెడల్ అంటే కాలితో నొక్కి శబ్దం మార్చే పెట్టె. నేను వాళ్ళను తిరిగి అడుగుతాను: నీ చెవిలో గిటారు కానిది ఏముంది? చాలామంది తెల్లమొహం వేస్తారు. కానీ సొంత గొంతు ఉన్న గిటారిస్టులను ఒక్కొక్కరినీ తరచి చూడండి. చాలామంది గిటారు కానిదాన్ని దేన్నో వెంబడిస్తూ కనిపిస్తారు.

బి.బి. కింగ్ సంగతే తీసుకోండి. 1925లో మిసిసిపీలో పుట్టాడు. తల్లి తరఫు చుట్టం బుక్కా వైట్ అని పేరున్న బ్లూస్ గాయకుడు. ఆయన వేలికి గొట్టం తొడుక్కుని తీగ మీద జార్చి వాయించేవాడు, స్లయిడ్ అంటారు. అలా జార్చి, ఆగిన చోట కొంచెం వణికిస్తే తీగ మనిషిలా మూలుగుతుంది. కింగ్‌కు ఆ శబ్దమంటే పిచ్చి, కానీ ఆ విద్య చేతికి రాలేదు. రాలేదని ఆయనే చెప్పుకునేవాడు. గొట్టం పక్కన పడేసి, వట్టి వేలితోనే ఆ వణుకు తెప్పించాలని తంటాలు పడ్డాడు. చూపుడు వేలు తీగ మీద ఆనించి, బొటనవేలు మెడ నుంచి వదిలేసి, మణికట్టును సీతాకోకచిలుక రెక్కలా ఆడించడం ఆ తంటాల్లోంచి వచ్చిందే. ఇవాళ ప్రపంచంలో ఏ మూల ఏ గిటారిస్టు ఈ వణుకు, అదే వైబ్రాటో, సాధన చేసినా ఆ మణికట్టుకు కొంత బాకీ పడ్డట్టే. ఆయన పాడుతూ వాయించేవాడు కాదు. ఒక పాదం పాడి ఆపేవాడు, రెండో పాదం గిటారు పాడేది. కార్డులు వాయించడం ఆయనకు బొత్తిగా పట్టేది కాదు. చేతకానివి ఇన్ని ఉన్నా, చేతనైన ఆ ఒక్క స్వరం విన్న రెండు క్షణాల్లో మనిషిని గుర్తుపట్టేస్తాం.

ఇక మన ఇంటి సంగతి. పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్, మాండలిన్ శ్రీనివాస్. అది గిటారు కాదు, మాండలిన్ కదా అంటారేమో. ఆయన వాయించింది ఎలక్ట్రిక్ మాండలిన్. పికప్, ఉక్కు తీగలు, ఫ్రెట్లనే మెట్లు అన్నీ గిటారుకు సొంత తోబుట్టువులే. మాండలిన్‌కు మామూలుగా నాలుగు జతల తీగలు ఉంటాయి. జంట తీగలను లాగి గమకం పలికించడం ఎంత కష్టమో ప్రయత్నించినవాళ్ళకు తెలుసు; ఒకటి ఒకచోటికి పోతే రెండోది ఇంకోచోట ఉంటుంది. ఆయన జతలు తీసేసి అయిదు ఒంటి తీగలు పెట్టుకున్నారు. అది పనిముట్టు వైపు మార్పు. అసలు విశేషం నేర్పిన పద్ధతిలో ఉంది. గురువు రుద్రరాజు సుబ్బరాజుగారికి మాండలిన్ వాయించడం రాదు. ఆయన చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు, గాత్రం మనిషి. ఆయన పాడేవారు, పిల్లవాడు విని అది తీగ మీద పలికించేవాడు. ఏ వేలు ఎక్కడ పెట్టాలో చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. పాట ఎటు వంగితే తీగను అటు వంచడం ఎలాగో ఆ పసివాడే తేల్చుకోవాలి. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో మొదటి కచేరీ చేసేనాటికి ఆయన వయసు తొమ్మిదేళ్ళు. చేతి కిటుకులు తెలిసిన గురువు దొరికి ఉంటే ఆ పిల్లవాడు ఇంకా త్వరగా వేళ్ళు తిప్పడం నేర్చుకునేవాడేమో. ఆ గొంతు మాత్రం వచ్చేదా అన్నది నా అనుమానం.

సరే, ఇదంతా వింటే గాలిలో మాటల్లా ఉంటుంది. చేతిలోకి తీసుకుందాం.

మూడో తీగ మీద ఏడో ఫ్రెట్ దగ్గర ఉంగరం వేలు పెట్టండి. ఆ స్వరాన్ని షడ్జం అనుకోండి. రెండు ఫ్రెట్లు అవతల, తొమ్మిదో ఫ్రెట్లో, చతుశ్రుతి రిషభం ఉంటుంది. ఇప్పుడు వేలు ఏడో ఫ్రెట్లోనే ఉంచి, తీగను పక్కకు నెట్టి, ఆ రిషభం పలికించాలి. దీన్నే బెండ్ అంటారు. వీణ మీద తీగను మెట్టు వెంబడి పక్కకు లాగి పై స్వరాలు పలికించినట్టే ఇదీను. ఉంగరం వేలు ఒంటరిగా ఈ పని చేయలేదు. వెనక నడిమి వేలూ చూపుడు వేలూ తోడు ఉండాలి. బలం వేళ్ళది కాకుండా మణికట్టుది కావాలి, తాళంచెవి తిప్పే కదలిక. వినండి.

(మొదట తొమ్మిదో ఫ్రెట్ స్వరం, తర్వాత ఏడో ఫ్రెట్ నుంచి నెట్టిన స్వరం, కావాలని కొంచెం తక్కువగా, మళ్ళీ సరిగ్గా)

మధ్యలో వినిపించింది రిషభం కాదు. రిషభానికి వెంట్రుకవాసి కింద ఆగింది. కొత్తవాళ్ళు వాయించే బెండ్లు పదికి తొమ్మిది అక్కడే ఆగుతాయి. వేలు నొప్పి పుట్టిన చోట ఆపేస్తారు, స్వరం చేరిన చోట కాదు. దీనికి మందు ఉంది. గిటారులో అన్నిటికన్నా సన్నటి మొదటి తీగను ఏమీ నొక్కకుండా మీటితే సరిగ్గా ఆ రిషభమే పలుకుతుంది. దాన్ని మోగనిచ్చి, దాని పక్కన మూడో తీగను నెట్టుకుంటూ రండి. రెండు శబ్దాలూ దగ్గర పడుతున్నకొద్దీ వాటి మధ్య ఊగులాట నెమ్మదిస్తుంది. కలిసిన క్షణంలో పూర్తిగా ఆగిపోతుంది. తంబురా శ్రుతి చేసేవాళ్ళకు ఈ ఆనందం కొత్తేమీ కాదు. ఇలా కొన్ని వారాలు చేస్తే చెయ్యి ఆ దూరాన్ని గుర్తుపెట్టుకుంటుంది. ఇంకో మాట. నెట్టే ముందు ఆ రిషభాన్ని నోటితో పాడండి. పాడలేని స్వరానికి తీగను నెట్టడమంటే ఊరి పేరు తెలియకుండా బస్సు ఎక్కడమే.

బెండ్ చేరాక వైబ్రాటో. ఇది నేర్పడం నాకు ఇప్పటికీ కష్టమే, ఎందుకంటే సంతకంలాగా ఎవరిది వాళ్ళకే వస్తుంది. చెప్పగలిగింది రెండే. ఒకటి, స్వరం మీటిన వెంటనే వణికించకండి. కాసేపు తిన్నగా నిలవనిచ్చి తర్వాత మొదలుపెట్టండి. రెండు, ఆ ఊపు లయలో ఉండాలి. పాట నిదానంగా ఉంటే ఊపు వెడల్పుగా, నిదానంగా ఉండాలి. చలిలో వణికినట్టు ఉంటే వినేవాడికీ చలి వేస్తుంది.

వేగం గురించి నన్ను తరచూ అడుగుతారు. మెట్రోనోమ్ పెట్టుకుని రోజూ నాలుగు అంకెలు పెంచుకుంటూ పోవడం అలవాటుగా మారింది. నాకు మన సరళీ స్వరాల పద్ధతే మేలనిపిస్తుంది. తాళం కదలదు, నిమిషానికి అదే 60 దెబ్బల దగ్గర ఉంచుతాం. మొదటి కాలంలో దెబ్బకు ఒక స్వరం, రెండో కాలంలో రెండు, మూడో కాలంలో నాలుగు. మొదటి కాలం తేలికని ఎవరైనా అంటే, వాళ్ళు దెబ్బ మీద సరిగ్గా వాయించడం లేదన్నమాట. దెబ్బకు దెబ్బకు మధ్య అంత ఖాళీ ఉన్నప్పుడు తీగ మీటే పిక్ తొందరపడుతుంది, వేలు ముందే లేచిపోతుంది, స్వరం తెగుతుంది. ఆ లోపాలు వేగంలో కనపడవు, మాయం కూడా కావు. పిక్ కిందికి ఒకసారి, పైకి ఒకసారి వెళ్ళే వరుస తీగ మారేటప్పుడు తప్పుతుంది. పాఠం మొత్తం నూరుసార్లు వాయించే బదులు ఆ తీగ మారే రెండు స్వరాలనే విడిగా తీసుకుని చేయండి. ఎడమచేతి వేళ్ళు ఫ్రెట్ మీద అవసరానికి మించి అదమకుండా చూసుకోండి. ఈ వాద్యానికి చాలా కొద్ది బలం చాలు. వేళ్ళ కొసలు కాయలు కాయడం మంచిదే కానీ, మణికట్టులోనో ముంజేతిలోనో నొప్పి వస్తే ఆపి తీరాలి. ఓర్చుకోవడం సాధన కాదు.

ఇప్పుడు ఈ గిటారుకే ప్రత్యేకమైన ఒక చిక్కు. దీని పికప్‌కు పక్షపాతం లేదు. మీరు వాయించే తీగనూ వింటుంది, వాయించని అయిదింటినీ వింటుంది. వేలు జారిన గీరుడు కూడా పెద్దదై వస్తుంది. అందుకని ఎలక్ట్రిక్ గిటారు విద్యలో సగం మోగనివ్వకుండా చూసుకోవడం. కుడి అరచేతి అంచు లావు తీగల మీద వాలి ఉంటుంది. ఎడమచేతి చూపుడు వేలు తన పని తాను చేస్తూనే కింది సన్న తీగలను ఊరికే తాకి ఉంటుంది. పుస్తకాల్లో దీనికి రెండు పేరాలు ఇచ్చి వదిలేస్తారు. నన్నడిగితే మొదటి ఏడాదంతా పక్కన పెట్టుకోవలసిన పాఠం ఇది.

డిస్టార్షన్ వేసినప్పుడు ఈ లోపం రోడ్డున పడుతుంది. డిస్టార్షన్ అంటే, యాంప్లిఫయర్ మోయగలిగిన దానికంటే పెద్ద సంకేతం ఇస్తే అలల కొసలు తెగిపోయి శబ్దం బొంగురుపోవడం. మొదట్లో ఇది రోగమే. 1951లో మెంఫిస్‌లో రాకెట్ 88 అనే పాట రికార్డు చేసేటప్పుడు దెబ్బతిన్న యాంప్లిఫయర్ స్పీకరులో కాగితాలు కుక్కి పని కానిచ్చారు. ఆ బొంగురు జనానికి నచ్చింది. 1958లో లింక్ రే అనే గిటారిస్టు స్పీకరు అట్టకు పెన్సిలుతో బొక్కలు పొడిచాడు. 1964లో లండన్‌లో కింక్స్ బృందం కుర్రవాడు డేవ్ డేవిస్ బ్లేడుతో కోసేశాడు. ఆ దశకంలోనే కంపెనీలు బొంగురును పెట్టెలో పెట్టి అమ్మాయి, స్పీకర్లు బతికిపోయాయి.

ఈ బొంగురులో రాక్ సంగీతం వాళ్ళు ఎక్కువగా షడ్జ పంచమాలు మాత్రమే కలిపి ఎందుకు వాయిస్తారో చెప్తాను, ఇది మనవాళ్ళకు వెంటనే పట్టే విషయం. రెండు స్వరాలను ఇలా తెగిన అలలుగా మార్చినప్పుడు వాటి తేడా కూడా మూడో స్వరంగా పుడుతుంది. గిటారు అయిదో తీగ సెకనుకు 110 సార్లు కంపిస్తుంది. దాని పంచమం దాదాపు 165. తేడా 55, అంటే సరిగ్గా కింది స్థాయి షడ్జం. ఎవరూ వాయించని మంద్ర షడ్జం తనంతట తానే వచ్చి కూర్చుంటుంది. పంచమం బదులు గాంధారం పెడితే ఫ్రెట్ మీద అది 138న్నర. తేడా 28న్నర, దేనితోనూ కలవని గుర్రు. తంబురాలో స, ప ఎందుకు నిలిచాయో, మోటుగా వినిపించే ఆ రాక్ సంగీతంలోనూ అవే నిలిచాయి.

ఈ బొంగురుకు ఇంకో గుణం ఉంది. మెల్లగా మీటినా గట్టిగా మీటినా శబ్దం ఒకే ఎత్తులో వస్తుంది, మీటులోని తప్పులు కప్పేస్తుంది. ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడు అది వేసుకుంటే మనం చాలా బాగా వాయిస్తున్నట్టు ఉంటుంది. అందువల్ల మీటు బలాబలాలు నేర్చుకోవడానికి శుభ్రమైన శబ్దం పెట్టుకోండి. తీగలు అణచడం నేర్చుకోవడానికి మాత్రం బొంగురు వేసుకోండి, అణచకుండా వదిలిన ఏ తీగనూ అది దాచనివ్వదు. రెండింటికీ చోటుంది.

టోన్ అంతా వేళ్ళలోనే ఉందని పెద్ద గిటారిస్టులు అంటూంటారు. సగం ఒప్పుకుంటాను. కలిగినవాళ్ళు ఆ మాట అనడం తేలిక. ఫెండర్ స్ట్రాటోకాస్టర్‌లో ఒంటి చుట్ట పికప్‌లు ఉంటాయి. శబ్దం తేటగా వస్తుంది, దానితోపాటు మన ఇంటి 50 సైకిళ్ళ కరెంటు రొద కూడా వస్తుంది. ట్యూబులైటు ఉన్న గదిలో గిటారును ఇటు తిప్పి అటు తిప్పి చూడండి, రొద పెరిగి తగ్గుతుంది. ఈ బాధ పోగొట్టడానికి గిబ్సన్ కంపెనీలో సెత్ లవర్ అనే ఇంజనీరు 1955లో రెండు చుట్టలను ఎదురెదురు దిక్కుల్లో కలిపి హంబకర్ తయారు చేశాడు. రొద ఒకదాన్నొకటి కొట్టేసుకుని పోయింది. పోతూ పోతూ పై స్వరాల తళుకు కొంత పట్టుకుపోయి, బదులుగా ఒక చిక్కదనం వదిలింది. గోల తగ్గించడానికి పెట్టినది గొంతునే మార్చింది. ఈ తేడా ఏ వేళ్ళూ తెప్పించలేవు.

స్ట్రాటోకాస్టర్ కథ ఇంకా తమాషా. లియో ఫెండర్‌కు గిటారు వాయించడం రాదు. 1954లో ఆ గిటారు తెచ్చినప్పుడు మూడు పికప్‌లకు మూడు మెట్ల స్విచ్చి పెట్టాడు. వాయించేవాళ్ళు ఆ స్విచ్చిని రెండు మెట్ల మధ్య ఇరికించి, రెండు పికప్‌లు కలిసి పలికే ముక్కు గొంతు లాంటి శబ్దం కనిపెట్టారు. దాన్ని అయిదు మెట్ల స్విచ్చిగా ఒప్పుకోవడానికి కంపెనీకి 1977 దాకా పట్టింది. ఎవరో గీసిన పటంలో లేని చోట చెవి ఆగింది. మీ దగ్గరున్న గిటారు ఎంత చవకదైనా అలాంటి సందులు అందులోనూ ఉంటాయి. ముందు ఉచితంగా దొరికేవి తేల్చుకోండి. వినండి, ఇది తీగలు ఆనే బ్రిడ్జి పక్కన మీటినది, ఇది మెడ దగ్గర మీటినది.

(ఒకే స్వరం, రెండు చోట్ల మీటి)

తీగ అదే, స్వరం అదే. మొదటిది గాజులా ఉంది, రెండోది గుండ్రంగా ఉంది. పిక్ మందం మారిస్తే ఇంకోటి. పిక్ కొంచెం వాలిస్తే ఇంకోటి. క్వీన్ బృందం బ్రయాన్ మే ప్లాస్టిక్ పిక్ వాడడు, ఇంగ్లండు పాత ఆరు పెన్నీల నాణెంతో మీటుతాడు. ఆయన గిటారు కూడా తండ్రితో కలిసి ఇంట్లో చేసుకున్నదే, దాని మెడ పాత నెగడు గూటి చెక్క. అయితే మీరు కూడా వెంటనే పాత నాణేల కోసం బయల్దేరకండి. అతనికి సరిపోయింది అది.

కొత్తవి కొనే ముందు, ఉన్న మరల గురించి ఒక్క మాట. యాంప్లిఫయర్ మీద బాస్, మిడిల్, ట్రెబుల్ అని మూడు మరలు ఉంటాయి. గదిలో ఒంటరిగా వాయించేటప్పుడు మిడిల్ తగ్గించేసి మిగతా రెండూ పెంచితే శబ్దం సినిమా హాల్లోలా భారీగా ఉంటుంది. అదే అమరికతో బ్యాండులో నిలబడితే కింది భాగం బేసు గిటారు మింగేస్తుంది, పై భాగం తాళాల చప్పుడు మింగేస్తుంది, మీరు కనపడతారు గానీ వినపడరు. గిటారు ఇల్లు ఆ మధ్యలోనే ఉంది. మూడు మరలూ నడుమ పెట్టి, ఒకసారి ఒక్కటే కదపండి. అసలు సగం పని గిటారు మీద ఉన్న వాల్యూమ్ మరతోనే అయిపోతుంది, దాన్ని చాలామంది కొన్ననాడు పూర్తిగా తిప్పి మళ్ళీ ముట్టుకోరు.

అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్ళు శబ్దం పెంచడానికి లేదు, టోన్ ఎలా వస్తుందని అడుగుతారు. ఇండియానాపొలిస్‌లో వెస్ మాంట్‌గోమరీ అనే గిటారిస్టుకూ ఇదే చిక్కు. పగలు ఫ్యాక్టరీ ఉద్యోగం, రాత్రిళ్ళు క్లబ్బుల్లో వాయించడం. ఇంట్లో సాధన చేస్తే పక్కింటివాళ్ళ గొడవ. చప్పుడు తగ్గించడానికి పిక్ వదిలేసి బొటనవేలి కండతో మీటాడు. జాజ్ గిటారులో అంతకంటే వెచ్చటి శబ్దం ఇంతవరకూ నేను వినలేదు. బర్మింగ్‌హామ్‌లో టోనీ అయోమీకి వచ్చిన అడ్డం వేరు: పదిహేడేళ్ళ వయసులో ఫ్యాక్టరీ యంత్రంలో రెండు వేళ్ళ కొసలు తెగిపోయాయి. ఎడమచేతి వాటం కనుక అవి ఫ్రెట్లు నొక్కే చేతివి. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్ళకు తొడుగులు చేసుకున్నాడు, సన్న తీగలు వేసుకున్నాడు, తర్వాత శ్రుతి కిందికి దించి తీగల బిగువు తగ్గించాడు. అతని బృందం బ్లాక్ సబ్బత్ పాటల్లో వినే ఆ బరువైన చీకటి శబ్దం వెనక ఆ సర్దుబాట్లన్నీ ఉన్నాయి. గాయం గొప్పదని నేను అనడం లేదు. అడ్డం వచ్చినప్పుడు ఇద్దరూ చెవికి నచ్చిన దానికోసం చేతి పద్ధతి మార్చుకున్నారు, పద్ధతి కోసం చెవిని మార్చుకోలేదు.

ఇంగ్లండులో జెఫ్ బెక్ అని ఉండేవారు, 2023 జనవరిలో పోయారు. నడి వయసుకు వచ్చేసరికి పిక్ మానేశారు. బొటనవేలితో మీటుతూ, చిటికెన వేలితో వాల్యూమ్ మర తిప్పుతూ, అరచేతిలో ట్రెమొలో కడ్డీ పట్టుకుని స్వరాన్ని పైకీ కిందికీ జార్చేవారు. మీటిన తాకిడి వినపడకుండా వాల్యూమ్ మూసి మీటి, తర్వాత తెరిస్తే తీగ ఊపిరి తీసుకుని పాడినట్టు ఉంటుంది. 2001లో ఆయన తన ఆల్బంలో నాదియా అనే పాట వాయించారు. ఇంగ్లండులో పెరిగిన భారతీయ సంతతి సంగీతకారుడు నితిన్ సాహ్నీ పాట అది, అసలు రూపంలో ఒక గాయని హిందుస్తానీ ఫణితిలో పాడింది. బెక్ ఆ గాయని గొంతు జారిన ప్రతి చోటా తీగను జార్చారు. మెట్లు కట్టి ఉన్న వాద్యం మీద మెట్లు లేనట్టు వినిపిస్తుంది. ఆయన ఆ జారుడును ఎంతో దూరం నుంచి వెతుక్కుని తెచ్చుకున్నారు. మనకు అది అమ్మ జోలపాటలోనే ఉంది, గుడి ముందు నాదస్వరంలో ఉంది, పెళ్ళి పందిట్లో ఉంది. మన పిల్లలు మాత్రం ఆ చెవిని ఇంటి దగ్గర వదిలేసి గిటారు క్లాసుకు వస్తారు, అక్కడ ఇంకెవరివో సోలోలు అంకెల పట్టిక చూసి నేర్చుకుంటారు. అవి నేర్చుకోవద్దని కాదు. పెద్దవాళ్ళను అనుకరించకుండా ఎవరూ పెద్దవాళ్ళు కాలేదు. అయితే కాగితం చూసి కాదు, విని నేర్చుకోండి. ఒకరినే కాకుండా ముగ్గురిని నేర్చుకోండి. ఒకరి ఒక్క సోలోను పూర్తిగా చేతికి తెచ్చుకుని, ఫోనులో రికార్డు చేసి, మూలం పక్కన పెట్టి వినండి. ఎక్కడెక్కడ తేడా ఉందో రాసుకోండి. కొన్ని తేడాలు లోపాలు, దిద్దుకోవాలి. ఎంత దిద్దినా పోనివి, విన్నప్పుడు బాగానే ఉన్నవి కొన్ని మిగులుతాయి. వాటి జోలికి పోకండి.

గిటారు ఉన్నవాళ్ళకు ఈ రాత్రికి ఒక పని చెప్పి ముగిస్తాను. మీకు నోటికి బాగా వచ్చిన తెలుగు పాట ఒకటి తీసుకోండి, నెమ్మదిగా నడిచేది. కార్డులు వద్దు, పెడళ్ళు వద్దు. మూడో తీగ ఒక్కదాని మీదే, చూపుడు వేలూ ఉంగరం వేలూ మాత్రమే వాడి, పల్లవి వరకు వాయించండి. ఒక ముక్క పాడండి, అదే ముక్క వాయించండి. గొంతు జారిన చోట వేలు జారాలి, గొంతు వంగిన చోట తీగ వంగాలి, గొంతు ఆగిన చోట తీగను అణచాలి. మూడు నాలుగు చోట్ల ఎంతకూ కుదరదు. నోరు పలికింది, తీగ పలకదు. ఆ మూడు నాలుగు చోట్లూ కాగితం మీద గుర్తు పెట్టుకోండి. మీ వచ్చే వారం సాధన అదే.